మోదుగు పూలకు రంగు తీసేసిన రోజు: సెంటినరీ కాలనీ ప్రయాణం

నా నలుపు తెలుపు పిచ్చి మీద మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట. అంత డబ్బు పోసి కెమెరా కొనడం దేనికి, తీసిన ఫొటోలో దేవుడిచ్చిన రంగులన్నీ తుడిచెయ్యడం దేనికి అని. మా అమ్మ అయితే విజయవాడ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా ఆ బూడిద బొమ్మలేనా?" అని అడుగుతుంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం. కొండలూ చెట్లూ మేఘాలూ నాకు రంగుల్లో కంటే రంగులు పోయాకే బాగా కనిపిస్తాయి. ఆ మాట నిజమని నేను కాకుండా ఇంకొకరు కూడా నమ్మిన రోజు ఈ మార్చిలో వచ్చింది. అందుకే రామగుండం వైపు వెళ్లాలనుకునే వాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను.

ప్రయాణానికి కారణం సికింద్రాబాద్‌లో మా బ్యాంకులో నా పక్క కౌంటరు రజిత. వాళ్లది గోదావరిఖని దాటాక ఉండే సెంటినరీ కాలనీ. కొత్త సంవత్సరానికి నేను తీసిన ఫొటోలతో ఒక క్యాలెండరు వేయించి తోటి ఉద్యోగులకు పంచాను. అందులో నిండుగా పూసిన తురాయి చెట్టు ఒకటి ఉంది, నలుపు తెలుపులోనే. కూతురింటికి వచ్చిన రజిత నాన్నగారు ఆ పేజీ దగ్గర ఆగిపోయి, "ఈ చెట్టు మీద తెల్లగ గుత్తులు గుత్తులు ఏంది బిడ్డా?" అని అడిగారట. కిందటి ఎండాకాలం ఆ చెట్టు పూసినప్పుడు కూడా ఆయన కూతురింట్లోనే ఉండి, ఆ వీధిలోంచే రోజూ పాలకు వెళ్లి వచ్చేవారు.

"మా బాపుకు ఎరుపూ ఆకుపచ్చా ఒక్కతీరుగ కనవడుతయి" అని రజిత చెప్పింది. "పువ్వు చేతుల పెడితే గుర్తువడతడు. దూరంకెల్లి చూస్తే ఆకేదో పువ్వేదో తెల్వది. మా కాలనీ వెనుక గుట్ట ఫాల్గుణంల మోదుగు పూలతోని నిండిపోతది. అమ్మ ఒక్కతే నిలబడి చూస్తది. నువ్వు ఒక్కపారి వచ్చి ఆ గుట్టను మా బాపుకు చూపెట్టరాదు? ముందుగాల ఆయనకు చెప్పకు, మొకమాటపడి బయటికి పోతడు."

ఇలాంటి పని నాకెవరూ ఇంతవరకు చెప్పలేదు. మరుసటి శనివారానికే టికెట్ తీసుకున్నాను.

సికింద్రాబాద్‌లో తెల్లవారుజామున బయలుదేరే రైళ్లలో ఏదెక్కినా కాజీపేట, జమ్మికుంట, పెద్దపల్లి మీదుగా నాలుగు గంటల్లో రామగుండంలో దిగిపోవచ్చు. ఎడమవైపు కిటికీ దొరికితే మంచిది, ఉదయపు ఎండ కంట్లో పడదు. పెద్దపల్లి దాటగానే ఆకాశంలో పొగగొట్టాలు కనిపించడం మొదలవుతుంది. మొదట పెన్సిళ్లలా ఉంటాయి, స్టేషన్లో దిగేసరికి తల వెనక్కి వాల్చి చూడాల్సి వస్తుంది. మార్చిలోనే అక్కడి ఎండ మా విజయవాడ ఎండను మరిపించింది, ఆ మాట అనడానికి నాకు కాస్త మనసొప్పలేదు కూడా.

రజిత ఎవరితోనో చెప్పించి పెట్టిన ఆటో డ్రైవరు మల్లేశ్ స్టేషన్ బయట ఉన్నాడు. రోజంతటికీ పదిహేను వందలకు మాట్లాడుకున్నాం. ఒక్కరే వెళ్లేవాళ్లు షేర్ ఆటోలో గోదావరిఖని చౌరస్తా దాకా వెళ్లి, అక్కణ్ణుంచి మంథని వైపు బస్సు ఎక్కినా సరిపోతుంది. నా ట్రైపాడ్ చూసి మల్లేశ్ పెళ్లి ఎక్కడని అడిగాడు.

"పెళ్లి కాదు. గుట్టల ఫొటోలు తీయడానికి వచ్చాను."

"గుట్టలా?" అని అద్దంలోంచి నన్ను చూశాడు. "మా గుట్టలకు ఫొటోలు దిగే నసీబు గూడ వచ్చిందన్నట్టు. తియ్యున్రి మేడం, జల్ది తియ్యున్రి. ఇయ్యాల ఉన్న కాడ రేపు ఉండయి, అటిటు జరుగుతనే ఉంటయి."

నిజంగానే ఇక్కడి గుట్టలు కొన్ని మనుషులు పోసినవి. బొగ్గు పైన ఉన్న మట్టిని తవ్వి పక్కన పోస్తూ పోతే మెట్లు మెట్లుగా లేచిన గుట్టలు. విద్యుత్ కేంద్రం దాటాక రోడ్డు పక్కన ఆపించి మొదటి ఫొటోలు తీశాను. తెల్లటి ఆవిరి, నీలం ఆకాశం, కింద ఎర్రమట్టి. రంగుల్లో అది మామూలు ఫొటోనే. ట్యాబ్‌లో వేసి రంగులు తీసేసి, నీలం వెలుతురును బాగా కిందికి దించితే ఆకాశం నల్లబడి, ఆ ఆవిరి ఏకిన దూదిలా ముందుకొచ్చింది. మల్లేశ్ తొంగి చూసి, "రోజూ చూసేదే గద, గింత పెద్దగ ఎన్నడు కనవడలే" అన్నాడు. ఇంత పెద్ద నిర్మాణాల పక్కన ఇంత విశాలమైన నేల, ఇంత ఖాళీ ఆకాశం ఒకేచోట దొరకడం నాకు గొప్పగా అనిపించింది. నలుపు తెలుపు ఇష్టపడేవాళ్లు ఒకరోజు కాదు, వారం ఉండదగిన చోటు. ఒక్క జాగ్రత్త, గనుల లోపలికీ విద్యుత్ కేంద్రం గేట్ల దగ్గరికీ అనుమతి లేకుండా కెమెరా తీసుకెళ్లకండి. నేను తీసినవన్నీ అందరూ నడిచే రోడ్డు మీద నుంచి తీసినవే.

చౌరస్తాలో చాయ్ తాగేటప్పుడు, వెళ్లేది రజిత నాన్నగారు ఓదెలు గారింటికి అని చెప్పాను. మల్లేశ్ కప్పు కింద పెట్టి నవ్వాడు. "అగ్గి ఓదెలు కాక ఇంటికా?"

అగ్గి ఎందుకని అడిగితే, "ఆయన్నే అడుగున్రి, మంచిగ చెప్తడు" అని తప్పించుకున్నాడు.

సెంటినరీ కాలనీ చూడముచ్చటగా ఉంటుంది. వరుసలు వరుసలుగా బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్లు, ప్రతి ఇంటి ముందు మందారమో నిమ్మో, రోడ్ల మీద వేప నీడ. ఓదెలు గారు రిటైరైనా అదే కాలనీలో తమ్ముడి క్వార్టర్ పక్కనే అద్దెకు ఉంటున్నారు. నేనూ మల్లేశ్ వెళ్లేసరికి రజిత అమ్మగారు సమ్మక్క సర్వపిండి కాలుస్తున్నారు. నువ్వులూ పల్లీలూ కలిపిన బియ్యప్పిండిని గిన్నె లోపల చేత్తో ఒత్తి, వేళ్లతో చిల్లులు పెట్టి, నూనె వేసి మూతపెట్టి కాలుస్తారు. మొదటిది నా చేతిలో పెట్టారు.

"చాలా బాగుంది పిన్నిగారూ" అన్నాను.

"పిన్ని అంటవు, మళ్ల గారు అంటవు. ఏదన్న ఒక్కటి అను బిడ్డా" అని ఇంకొకటి వేశారు.

ఓదెలు గారు సన్నగా, పొడవుగా, ఎప్పుడూ నవ్వడానికి సిద్ధంగా ఉన్న మొహంతో ఉన్నారు. భూగర్భ గనిలో బొగ్గు ఎత్తే పనితో మొదలుపెట్టి సర్వీసంతా కిందే గడిపారు. నేను పొగగొట్టాల కోసం వచ్చానని ఆయన అనుకుంటున్నారు, అసలు సంగతి రజిత వాళ్లమ్మకు మాత్రమే చెప్పింది. చల్లకొచ్చి ముంత దాచినట్టు నేను కూడా అవే ఫొటోలు చూపిస్తూ కూర్చున్నాను. చివరికి ఉండబట్టలేక అగ్గి సంగతి అడిగేశాను.

"ఓ, గదా" అని ఆయన మంచం మీద సర్దుకుని కూర్చున్నారు. "మాకు పెండ్లైన కొత్తల. ఈమెది మంథని దిక్కు పల్లె. నేను నైట్ షిఫ్టు చేసి వచ్చి పండుకున్న. పొద్దుగాల ఈమె వెనుక వాకిట్లకెల్లి, 'ఇగో, గుట్ట అంటుకున్నది చూడు' అన్నది. గంతే. నాకు నిద్ర ఎగిరిపోయింది."

మల్లేశ్ అప్పటికే నవ్వుతున్నాడు. నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మోదుగు పూసినప్పుడు గుట్ట అంటుకుంది అనడం పల్లెల్లో మామూలు మాట. కానీ బొగ్గు ఊళ్లో ఆ మాటకు ఒకటే అర్థం. బొగ్గు కలిసిన మట్టిగుట్టలు ఎవరూ నిప్పు పెట్టకుండానే లోపల్లోపల వేడెక్కి రాజుకుంటాయి. అది చూసినవాళ్లు వెంటనే వెళ్లి చెప్పాలి.

"బయటికి ఉరికి చూసిన. నాకు ఏం కనవడలే" అని ఆయన కొనసాగించారు. "ఎప్పటి తీరుగనే మసక మసక గుట్ట. అయినా ఈమె అబద్ధం ఎందుకు చెప్తది? నా కండ్లే నిద్రకు మొద్దువారినయి అనుకున్న. బనీను మీదనే సైకిలెక్కి ఆఫీసుకాడికి పోయి, గుట్ట అంటుకున్నదని చెప్పిన. నీళ్ల ట్యాంకరు తీస్కొని ఏడెనిమిది మంది వచ్చిన్రు. వచ్చి చూస్తే ఏమున్నది, మోదుగు చెట్లు. ఇగ నవ్వుడే నవ్వుడు. గప్పటికెల్లి నేను అగ్గి ఓదెలు. దవాఖానల చూపిస్తే అప్పుడు తెలిసింది, నాకు రంగులు సక్కగ కనవడయని."

"మరి గనిలో ఇబ్బంది కాలేదా?"

"కింద రంగులతోని ఏం పని బిడ్డా? నెత్తి మీది క్యాప్ ల్యాంపు ఎలుగుల అందరి కండ్లు ఒక్కటే."

అందరం నవ్వాం, సమ్మక్క తప్ప. ఆమె గిన్నె దించుకుని లోపలికి వెళ్లిపోయారు. నేను నీళ్ల కోసం అన్నట్టు వెనకే వెళ్లాను.

"ఆయన నవ్వుకుంట చెప్తడు" అన్నారు ఆమె నావైపు చూడకుండా. "ఆ పేరు నా నోటికెల్లి వచ్చిందే గద. ఆ దినం సంది నేను మోదుగు పూల మాట ఎత్తలే. ప్రతి ఏడు వెనుక వాకిట్ల నిలబడి నేనొక్కదాన్నే చూసి లోపటికి వస్త. ఆయనకు ఒక్కపారి కనవడాలె బిడ్డా. ఏందని నేను గట్ల మొత్తుకున్ననో ఆయన చూడాలె."

నేను ఎన్నో ఫొటోలు ఎన్నో పోటీలకు పంపాను. ఏ ఒక్కదానికీ నాకు ఆ వంటింట్లో పట్టుకున్నంత భయం పట్టుకోలేదు. పూలు అప్పటికే రాలడం మొదలైంది, ఇంకో వారంలో ఏమీ మిగలవు. ఆ సాయంత్రం చేతకాకపోతే ఇంకో ఏడాది ఆగాలి.

పచ్చిపులుసు, పప్పు, బెండకాయ వేపుడుతో భోంచేసి, ఎండ కాస్త వాలాక వెనుక వాకిట్లోకి వెళ్లాం. గుట్ట వాలంతా కొత్త చిగురు వేసిన కానుగలు, వేపలు. వాటి మధ్యలో, అడుగున, పైదాకా ఎక్కడపడితే అక్కడ మోదుగలు. ఆకులేవీ లేకుండా కొమ్మలన్నీ పూలే. అంత ఎరుపును నేను సినిమా పోస్టర్ల మీద తప్ప చూడలేదు. నా పక్కన నిలబడిన ఓదెలు గారు అదే గుట్టను చూస్తూ, అక్కడ చిన్నప్పుడు మేకలు కాసిన సంగతి చెబుతున్నారు. ఇద్దరం ఒకే చోట నిలబడి ఒకే వైపు చూస్తున్నాం. ఆయనకు అక్కడ ఏమీ లేదు. నాకు చాలా బాధేసింది.

పది పదిహేను ఫొటోలు తీసి, వేప నీడలో మంచం మీద ట్యాబ్ పెట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఫొటోను ఊరికే నలుపు తెలుపుగా మారిస్తే ఎరుపూ ఆకుపచ్చా చాలాసార్లు ఒకే బూడిద రంగుగా మారిపోతాయి. అందుకే ఎడిటింగ్ యాప్‌లో ఒక్కో రంగుకూ ఒక్కో స్లయిడర్ ఉంటుంది. ఏ రంగు ఎంత తెల్లగా రావాలో, ఎంత నల్లగా రావాలో మనమే నిర్ణయించుకోవచ్చు. చెట్ల ఫొటో ఎప్పుడు చేసినా ఆకుపచ్చను పైకి లేపడం నాకు అలవాటు. ఆకులు మెరుస్తాయి, చూడ్డానికి హాయిగా ఉంటుంది. కంగారులో చెయ్యి ఆ అలవాటు పనే చేసింది. ఆకులు మెరిశాయి, గుట్ట అందంగా వచ్చింది. ఓదెలు గారికి చూపించాను.

"మంచిగున్నది బిడ్డా" అన్నారు.

సమ్మక్క నా చెవి దగ్గరికి వంగారు. "ఆయన అన్నిటికి గట్లనే అంటడు. నా కూరల ఉప్పు లేకున్నా మంచిగున్నదనే అంటడు."

మళ్లీ చూసుకుంటే పూలన్నీ నీడల్లో కలిసిపోయి ఉన్నాయి. ఆకుల్ని మెరిపించబోయి పూలను నేనే దాచేశాను. వెంటనే ఆకుపచ్చనీ పసుపునీ బాగా కిందికి దించాను. కానుగలు నల్లబడ్డాయి. నారింజను పైకి లేపితే పూలతో పాటు మట్టి కూడా తెల్లబడి గుట్టంతా సున్నం వేసినట్టయింది. ఆ మట్టిలోనూ నారింజ ఉంది మరి. నారింజను మళ్లీ దించి, ఎరుపు ఒక్కదాన్నే మెల్లగా జరపడం మొదలుపెట్టాను. పువ్వులో ఉన్నంత ఎరుపు మట్టిలో లేదు. మట్టి ఎలా ఉన్నది అలాగే ఉంది. నల్లటి చెట్ల మధ్యలో ఒకటి, తర్వాత ఇంకొకటి, తర్వాత లెక్కపెట్టలేనన్ని తెల్లబడుతూ వచ్చాయి.

ఓదెలు గారు ముందుకు వంగారు. "గుట్ట మీద కొంగలు వాలినయా?"

నేనే చెప్పాను. "కొంగలు కాదు బాబాయిగారూ. మోదుగు పూలు."

"ఇయన్ని?"

"అన్నీ."

ఆయన వేలు పెట్టి తాకబోతే బొమ్మ ఒక్కసారిగా పెద్దదైపోయింది, ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మళ్లీ మామూలుగా చేసి ట్యాబ్ ఆయన చేతికే ఇచ్చాను. లేచి వాకిట్లోకి వెళ్లారు. ట్యాబ్‌ను గుట్టకు ఎదురుగా పట్టుకుని, బొమ్మలో ఒక చెట్టు చూసి, తలెత్తి గుట్ట మీద ఆ చెట్టును వెతుక్కుని, మళ్లీ బొమ్మలో ఇంకోటి చూసి, అలా కింది నుంచి పైదాకా వెళ్లారు. మేమెవరం దగ్గరికి వెళ్లలేదు. చాలాసేపయ్యాక భార్యను పిలిచారు.

"నీకు ఎప్పుడు గిట్లనే కనవడుతదా?"

"తెల్లగ కనవడయి గని, గిన్ని కనవడుతయి."

"ప్రతి ఏడు?"

"ప్రతి ఏడు."

"మరి నాకు చెప్పవైతివి."

"చెప్తే ఒక్కపారి ట్యాంకరు తీస్కొచ్చినవు గద" అన్నారు సమ్మక్క. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఓదెలు గారు నవ్వలేదు. బొమ్మలోకి చూస్తూనే, "ఆ దినం వాళ్లంత నవ్విన్రు గని, నా కండ్లను కాదని నిన్ను నమ్మిన సూడు, అదే కరెక్టు" అన్నారు. మల్లేశ్ ఆటో స్టార్ట్ చేసుకునే నెపంతో అటు వెళ్లిపోయాడు. నేను కెమెరా బ్యాగు సర్దుకోవడానికి చాలాసేపు తీసుకున్నాను.

సాయంత్రం రైలుకు స్టేషన్ చేరేటప్పుడు పొగగొట్టాల వెనుక సూర్యుడు దిగుతున్నాడు. మంచి ఫొటో అయ్యేదే, కానీ కెమెరా బయటికి తీయాలనిపించలేదు. ఇన్నేళ్లూ నలుపు తెలుపు అంటే రంగుల్ని తీసెయ్యడం అనుకున్నాను, నన్ను తప్పుపట్టేవాళ్లూ అదే అనుకున్నారు. ఏ రంగునూ తీసెయ్యం. ఒక్కో రంగుకు ఎంత వెలుతురు ఇవ్వాలో తేల్చుకుంటాం, అంతే. ఆ తేల్చుకోవడం ఎవరి కళ్ల కోసమో తెలిసి చేసింది నాకు ఇదే మొదటిసారి. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్లేటట్టయితే హోలీకి ముందు వారంలో వెళ్లండి, మోదుగలు నిండుగా ఉంటాయి. ట్యాబో ల్యాప్‌టాపో వెంట తీసుకెళ్లి, ఫొటోను అక్కడే, ఆ ఊరివాళ్ల ముందే మార్చండి. ఏ స్లయిడర్ ఎంత జరపాలో ఇంటికొచ్చాక ఆలోచిస్తే తెలియదు.

వారం తర్వాత ప్రింటు వేయించడానికి వెళ్లి సమ్మక్కకు ఫోన్ చేశాను. బాబాయిగారి కోసం నలుపు తెలుపుది, మీ కోసం రంగులది, రెండూ పక్కపక్కన ఫ్రేము కట్టించి పంపిస్తానన్నాను. రంగుల్లో ఆ గుట్ట ఎంత బాగా వచ్చిందో కూడా చెప్పాను.

"రెండు వద్దు బిడ్డా, తెల్లపూలది ఒక్కటే పంపు" అన్నారు. "ఎర్రపూలు ఇన్నేండ్లు నేనొక్కదాన్నే చూసిన. ఇగ ఇద్దరం ఒక్కటే చూస్తం."